అంకెకు పూచీ: అబిడ్స్, నాంపల్లి దారుల్లో రసాయన విశ్లేషణ విద్య

ఒక పదార్థంలో ఏయే ద్రవ్యాలు ఉన్నాయో, ఏది ఎంత పాళ్ళలో ఉందో తేల్చే విద్యకు రసాయన విశ్లేషణ అని పేరు. అలా తేల్చిన అంకెను నమ్మవచ్చునని ప్రయోగాల ద్వారా రుజువు చేయడాన్ని మెథడ్ వ్యాలిడేషన్ అంటారు; అంటే నమూనాను కాక, నమూనాను పరీక్షించే పద్ధతినే పరీక్షకు నిలబెట్టడం. గత రెండు మూడు దశాబ్దాల్లో హైదరాబాదు నగరంలోని విశ్వవిద్యాలయాల నుంచి రసాయన, ఫార్మసీ శాఖల కింద వెలువడిన పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాల్లో ఎన్నింటికో ఇదే ఇతివృత్తం. ఒక మందును, అందులోని మలినాలను కొలిచే కొత్త పద్ధతిని రూపొందించి, దానికి ప్రామాణ్యం సమకూర్చడం వాటి పని. ఈ విద్య ఇక్కడ ఇంతగా వేళ్ళూనుకోవడానికి బాలానగర్ నుంచి పటాన్‌చెరు వరకు పరచుకొన్న మందుల కర్మాగారాలే కారణమని సాధారణంగా చెబుతారు. కర్మాగారాలు దానికి గిరాకీ తెచ్చిన మాట నిజమే. కాని రసాయనశాస్త్రంలో డాక్టరేటు అనే భావన గాని, తూచి చెప్పిన అంకెకు పూచీ పడే అలవాటు గాని ఈ నగరానికి అంతకు చాలా ముందే వచ్చాయి. వచ్చిన దారి అబిడ్స్, నాంపల్లి, వాటిని ఆనుకొన్న గన్‌ఫౌండ్రీ, సైఫాబాద్, రెడ్‌హిల్స్.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు స్థిరపడింది. ఆ కూడలి నుంచి నాంపల్లి రైల్వే స్టేషనుకు పోయే రోడ్డు మీద గోల్డెన్ థ్రెషోల్డ్ అనే పాత ఇల్లు ఉంది. సరోజినీ నాయుడు 1905లో లండన్‌లో వెలువరించిన తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి నిలవడంతో జనం దాన్ని కవయిత్రి ఇల్లుగానే ఎరుగుదురు. రసాయనశాస్త్ర చరిత్రకు మాత్రం అది ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లు కావడమే ముఖ్యం. తూర్పు బెంగాల్‌లోని విక్రమపుర ప్రాంతంలో 1851లో పుట్టిన అఘోరనాథ్, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, గిల్‌క్రైస్ట్ ఉపకార వేతనంతో ఎడిన్‌బరో వెళ్ళి, 1870ల్లో అక్కడి విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం పొందారు. ఆ పట్టం అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. పదేళ్ళ తరవాత, 1887లో, అదే ఉపకార వేతనంతో అదే విశ్వవిద్యాలయం నుంచి అదే పట్టం పొందిన ప్రఫుల్ల చంద్ర రాయ్ పేరు దేశమంతా తెలుసు; అఘోరనాథ్ పేరు ఆయన నివసించిన వీధిలో కూడా అంతగా వినిపించదు.

ఎడిన్‌బరోలో 1869 నుంచి రసాయనశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ జర్మనీలో బున్సెన్, కోల్బే ప్రయోగశాలల్లో పనిచేసి వచ్చినవారు. పరిశోధన ద్వారా డాక్టరేటు అనే వ్యవస్థకు ఊపిరి పోసింది జర్మనీయే. గీసెన్ పట్టణంలో లీబిగ్ నడిపిన ప్రయోగశాలలో విద్యార్థికి ముందు విశ్లేషణలో చెయ్యి తిరగాలి, ఆ తరవాతే సొంత పరిశోధన జోలికి పోవాలి. అక్కడ సహాయకుడిగా పనిచేసిన ఫ్రెసీనియస్ 1848లో వీస్‌బాడెన్‌లో కేవలం విశ్లేషణ నేర్పడానికే ఒక ప్రయోగశాల తెరిచి, 1862లో ఆ శాఖకంటూ ఒక పత్రికను స్థాపించారు. అఘోరనాథ్ మోసుకొచ్చిన చదువు వెనక ఈ సంప్రదాయమంతా ఉంది. ప్రయోగం చేసిన మనిషి ఎంత పెద్దవాడైనా, అతని ఫలితాన్ని మరొకరు మరో చోట తిరిగి రాబట్టగలిగితేనే అది శాస్త్రమవుతుందన్నది ఆ సంప్రదాయానికి మూలసూత్రం.

అఘోరనాథ్ 1878లో హైదరాబాదు వచ్చి కళాశాల స్థాపనకు పూనుకొన్నారు. 1883లో చాందా రైలుమార్గం పథకాన్ని వ్యతిరేకించిన వారిలో ప్రముఖుడైనందుకు ఆయనను సంస్థానం నుంచి పంపివేశారు. తరవాత మళ్ళీ పిలిపించుకొన్నారు. 1887లో నిజాం కళాశాల ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. కళాశాల వెలసిన గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి, 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ నడిపిన ఫిరంగుల పోతకొలిమి వల్ల ఆ పేరు వచ్చింది. లోహాల పాళ్ళు కుదరకపోతే ఫిరంగి పేలి పక్కనున్నవాడి ప్రాణం తీస్తుంది కనుక, ద్రవ్యాల పాలు కొలవవలసిన అవసరం ఆ నేలకు కళాశాల కంటే ముందే తెలుసు.

నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఆ కాలపు డిగ్రీ చదువులో విశ్లేషణ అంటే ప్రధానంగా లవణ పరీక్ష. తెలుగునాట ఇంటర్మీడియట్ చదివిన ప్రతివారూ సాల్ట్ అనాలిసిస్ అన్న పేరుతో ఎరిగిన ప్రయోగమే. పరీక్షాధికారి చిన్న పొట్లంలో ఒక తెల్లని పొడి ఇస్తాడు. విద్యార్థి దాన్ని వేడిచేసి, ఆమ్లంలో కరిగించి, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపి, ఏ వర్గపు లోహం అవక్షేపంగా, అంటే కరగని ముద్దగా అడుగుకు దిగిందో చూసి, అందులోని ధనాత్మక, ఋణాత్మక భాగాలను పోల్చుకోవాలి. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. జవాబు పరీక్షాధికారికి ముందే తెలుసు. ముందే తెలిసిన నమూనాను ఇచ్చి, చేతి పనితనాన్ని తూచడం ఇక్కడి ఏర్పాటు. వ్యాలిడేషన్ అన్నది ఇదే ఏర్పాటును ఒక మెట్టు పైకి తీసుకుపోతుంది. అక్కడ తెలిసిన నమూనాను ఇచ్చి తూచేది పద్ధతిని.

ఈ రెండో మెట్టు హైదరాబాదుకు కళాశాల ద్వారా కంటే ముందు టంకశాల ద్వారా పరిచయమైంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు అవతల, సైఫాబాద్‌లో 1903లో యంత్రాలతో కూడిన కొత్త టంకశాల పని మొదలుపెట్టి, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయిలను ముద్రించింది. ఆ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాముల బరువుతో, వెయ్యికి సుమారు 917 పాళ్ళ వెండితో ఉండేది. ఈ లెక్కన హాలీ సిక్కాలో సుమారు 9.14 గ్రాముల వెండి, బ్రిటిష్ రూపాయిలో 10.69 గ్రాముల వెండి. బజారులో ఏడు హాలీ సిక్కాలకు ఆరు బ్రిటిష్ రూపాయిలన్న మారకం ఇంచుమించు ఈ వెండి నిష్పత్తినే అనుసరించింది. వెండి పాలు వెయ్యికి పది తగ్గినా ఒక్క నాణెంలో ఎవరికీ తెలియదు, లక్షల నాణేల్లో సంస్థానం పరువు పోతుంది.

వెండి పాలు తేల్చడానికి టంకశాలలు తరతరాలుగా వాడిన పద్ధతిలో, తూచిన లోహపు ముక్కను సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాలుస్తారు. సీసం గాలితో కలిసి ఆక్సైడుగా మారి, రాగి వంటి హీన లోహాలను తనతో పాటు మూస గోడల్లోకి ఇంకించుకుంటుంది; చివరకు మెరిసే వెండి గుండు ఒక్కటే మిగులుతుంది. దాని తూకాన్ని మొదటి తూకంతో పోలిస్తే వెండి పాలు తేలుతుంది. అయితే కాల్చేటప్పుడు వెండి కూడా కొంత పోతుంది, ఎంత పోతుందన్నది కొలిమి వేడిని బట్టి రోజురోజుకూ మారుతుంది. అందుకని పరీక్షకుడు స్వచ్ఛత ముందే తెలిసిన వెండి ముక్కను కూడా అదే కొలిమిలో అదే గడియలో కాల్చి, అందులో ఎంత నష్టం వచ్చిందో చూసి, అసలు నమూనా అంకెను ఆ మేరకు సవరించేవాడు. నేటి ప్రయోగశాలల్లో రిఫరెన్స్ స్టాండర్డ్ అని పిలిచేది ఈ తోడు ముక్కనే. ఈ మెళకువ నేర్పిన టంకశాల ఎవరికీ డాక్టరేటు ఇవ్వలేదు, కాని అంకెకు పూచీ పడడమంటే ఏమిటో చేసి చూపించింది.

తెలిసిన నమూనా ఎంత అవసరమో, సరైన ప్రశ్న అంతే అవసరమని చెప్పే ఉదాహరణ కూడా ఇదే నగరంలో, అదే కాలంలో ఉంది. అబిడ్స్‌కు దాపునే ఉన్న కోఠి రెసిడెన్సీలో సర్జన్‌గా, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, శస్త్రచికిత్సకు మత్తుగా ఇచ్చే క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదని, ముందు ఊపిరే ఆగుతుందని, కాబట్టి నాడిని కాక శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలునని గట్టిగా నమ్మారు. దీన్ని తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండోదానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇవ్వగా, లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పనిలో పాలుపంచుకొన్నారు. వందల జంతువుల మీద జరిగిన ప్రయోగాలు లారీ మాటనే బలపరిచాయి. ఫలితాలు ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి కూడా. అయినా నిర్ణయం తప్పని తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ లండన్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న స్థితిలో అడ్రినలిన్ సోకితే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించారు. హైదరాబాదు ప్రయోగాల ఏర్పాటు ఆ స్థితిని తడమనే లేదు.

విశ్లేషణ శాస్త్రంలో ప్రెసిషన్, అక్యురసీ అని రెండు వేర్వేరు గుణాలు చెబుతారు. మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు అంకెలు ఒకదానికొకటి దగ్గరగా రావడం మొదటిది. వచ్చిన అంకె నిజమైన విలువకు దగ్గరగా ఉండడం రెండోది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఈ తేడాను బోధించడానికి ఏ దేశపు పాఠ్యగ్రంథమూ అక్కరలేదు, క్లోరోఫాం కమిషన్ చరిత్ర చాలు. హైదరాబాదు పరిశోధక విద్యార్థులకు తొలి పాఠంగా దాన్ని చెప్పకపోవడం పెద్ద లోటు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడి, అడిక్‌మెట్ ప్రాంగణానికి తరలకముందు అబిడ్స్ చుట్టుపక్కల అద్దె భవనాల్లో నడిచింది. రసాయనశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చిన అనువాద శాఖ కూడా ఆ కాలపుదే. అయితే తెలుగువారిలో విశ్లేషణ రసాయనశాస్త్రానికి ఒక పరిశోధక పరంపర ఏర్పడింది ఇక్కడ కాదు, వాల్తేరులో. అలహాబాదులో నీల్ రతన్ ధర్‌తో కలిసి పనిచేసి వచ్చిన ఆచార్య జి. గోపాలరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టైట్రేషన్ పద్ధతుల మీద శిష్యులను తయారుచేశారు. టైట్రేషన్ అంటే బలం తెలిసిన ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతూ, రంగు మారిన క్షణాన ఎంత ఖర్చయిందో చూసి, తెలియని ద్రావణం పాలు లెక్కగట్టడం. సోడియం వనడేట్ వంటి కారకాలను ఆ పనికి వాడవచ్చునని చూపడానికి ఆయన శిష్యులు ఆమ్లం గాఢత ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చునో, పక్కన ఏయే లోహాలు ఉంటే ఫలితం చెడుతుందో, ఏ సూచిక రంగు స్పష్టంగా మారుతుందో ఒక్కొక్కటిగా తేల్చవలసి వచ్చేది. వారి వ్యాసాలు ఫ్రెసీనియస్ స్థాపించిన జర్మన్ పత్రికలోనే అచ్చయ్యాయి. పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో చెప్పడంతో సరిపెట్టక, ఎక్కడ పనిచేయదో కూడా చెప్పడం ఆ పరంపరలోని గొప్ప గుణం.

అబిడ్స్‌కు డాక్టరేటు విద్య తిరిగి రావడానికి రాజకీయం కారణమైంది. ప్రాంతీయ ఉద్యమాలను చల్లార్చడానికి వచ్చిన 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా, 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి, గచ్చిబౌలి ప్రాంగణం సిద్ధమయ్యే వరకు గోల్డెన్ థ్రెషోల్డ్ నుంచే నడిచింది. సరోజినీ కుమార్తె పద్మజా నాయుడు ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి అప్పగించారు. తొలి ఉపకులపతి గురుబక్ష్ సింగ్ స్వయంగా రసాయన శాస్త్రజ్ఞుడు కాగా, 1977లో వచ్చిన గోవర్ధన్ మెహతా చేతుల మీద అక్కడి రసాయన విభాగం దేశంలోని మేటి పరిశోధనా కేంద్రాల్లో ఒకటిగా రూపుదిద్దుకొంది. రసాయనశాస్త్రంలో డాక్టరేటుతో ఈ వీధికి వచ్చిన తొలి మనిషి ఇంటి గడప నుంచే, సుమారు వందేళ్ళ తరవాత, పరిశోధన కోసం పుట్టిన విశ్వవిద్యాలయం బయలుదేరింది. నుమాయిష్ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ నాంపల్లి మైదానంలో నడిపే మహిళా కళాశాలకు కూడా అఘోరనాథ్ కుమార్తె సరోజినీ పేరే ఉంది.

ఈలోగా నగరపు అంచుల్లో గిరాకీ పెరుగుతూ వచ్చింది. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో కేంద్ర పరిశోధనా మండలి సిఎస్‌ఐఆర్ కిందికి వచ్చి, 1989లో ఐఐసిటి (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) అయ్యాయి. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడిపిఎల్, మందుల తయారీ తెలిసిన ఒక తరాన్నే తయారుచేసింది. పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసి ఐడిపిఎల్‌లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మందులు ఎగుమతయ్యే కొద్దీ ప్రతి దేశపు నియంత్రణ సంస్థా ఒకటే అడగసాగింది: కొలిచిన పద్ధతికి రుజువేది? దానికి ఉమ్మడి నియమావళి 1990లో ఏర్పడిన ఐసిహెచ్ అనే అంతర్జాతీయ సమాఖ్య నుంచి వచ్చింది. 1990ల్లో రెండు భాగాలుగా వెలువడిన దాని క్యూ2 మార్గదర్శకాలు 2005లో ఒకటై, 2023లో మళ్ళీ సవరణకు వచ్చాయి.

ఆ నియమాల ప్రకారం ఒక పరిశోధక విద్యార్థి చేసే పనిని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. హెచ్‌పిఎల్‌సి అనే యంత్రంలో ద్రవాన్ని అధిక పీడనంతో సన్నని స్తంభం గుండా పంపితే, మిశ్రమంలోని ద్రవ్యాలు వేర్వేరు వేళల్లో బయటపడి, తెరమీద వేర్వేరు శిఖరాలుగా కనిపిస్తాయి. విద్యార్థి ముందు మందును ఆమ్లంతో, క్షారంతో, పెరాక్సైడుతో, వేడితో, వెలుతురుతో కావాలనే పాడుచేసి, పుట్టిన ముక్కల శిఖరాలు అసలు మందు శిఖరం కింద దాక్కోకుండా విడివిడిగా వచ్చేలా చూడాలి. తరవాత మందులేని బిళ్ళ పొడిలో, ఉండవలసిన మోతాదులో 80, 100, 120 శాతం చొప్పున మందు కలిపి, కలిపిందంతా తిరిగి లెక్కకు వస్తోందో లేదో చూడాలి. సాధారణంగా 98 నుంచి 102 శాతం వస్తే సంతృప్తి. కనీసం ఎంత ఉంటే యంత్రం పసిగట్టగలదో, ఎంత ఉంటే నమ్మకంగా లెక్కించగలదో తేల్చాలి. మరో రోజు మరో మనిషి చేసినా, ద్రావణం ఆమ్లత్వం కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం నిలబడుతుందో లేదో చూడాలి. టంకశాల కొలిమిలోని తోడు ముక్క ఇక్కడ పది రూపాలెత్తింది.

ఈ పద్ధతులన్నీ పాటించినా తప్పిపోయేది ఏమిటో 2018లో ప్రపంచానికి తెలిసింది. రక్తపోటుకు వాడే వాల్సార్టన్‌లో ఎన్‌డిఎంఏ అనే, క్యాన్సర్ కలిగించగల మలినం బయటపడింది. దానికి నియంత్రణ సంస్థలు పెట్టిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు 96. అప్పటి మామూలు పరీక్షలు ప్రామాణికమైనవే, కాని ఆ మలినం కోసం వెతికేలా ఎవరూ వాటిని రూపొందించలేదు. తయారీ విధానం మారినప్పుడు కొత్తగా ఏమి పుట్టవచ్చునన్న ప్రశ్న అడగలేదు. క్లోరోఫాం కమిషన్‌కు పట్టిన లోపమే ఇది, మరింత ఖరీదైన యంత్రాల మధ్య మళ్ళీ పుట్టింది.

ఇది మందులకే పరిమితమైన విషయం కాదు. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల నుంచి వెళ్ళే నివేదిక, కూతవేటు దూరంలోని నాంపల్లి నేర న్యాయస్థానాల్లో సాక్ష్యమవుతుంది. 1973 నాటి నేర విచారణ స్మృతిలోని 293వ సెక్షన్ లాగే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 329వ సెక్షన్ కూడా ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికను వారు స్వయంగా బోనెక్కకపోయినా సాక్ష్యంగా స్వీకరించే వీలు కల్పిస్తోంది. కోర్టు కావాలనుకుంటే నిపుణుణ్ణి పిలిపించవచ్చు. పిలిపించని ప్రతి కేసులోనూ ఆ కాగితం మీది అంకె వెనకనున్న శిక్షణే మనిషి స్వేచ్ఛకు పూచీ.

ఇంత బరువు మోయవలసిన డాక్టరేటు శిక్షణ ఇప్పుడు ఎలా ఉందని అడిగితే, మేలైన పని జరుగుతూనే ఉందని, దాని పక్కనే అచ్చుపోసిన పని కూడా పేరుకుపోయిందని ఒప్పుకోక తప్పదు. మందు పేరు, స్తంభం రకం మార్చి, మిగతా అధ్యాయాలన్నీ ఒకే వరసలో నింపిన గ్రంథాలు వస్తున్నాయి; వాటిలో మందు గాఢతకూ శిఖరానికీ మధ్య గీసిన ప్రతి సరళరేఖా నిక్కచ్చిగా ఉంటుంది, పద్ధతి ఓడిపోయిన ఒక్క సందర్భమూ కనిపించదు. ఐసిహెచ్ పట్టికను నింపడం కర్మాగారపు ఉద్యోగి కనీస బాధ్యత. పిహెచ్‌డి పట్టం అడిగేవారు ఆ పట్టికలో లేని ప్రశ్న అడగాలి. పరిశోధకులకు కోర్సు చదువును తప్పనిసరి చేసిన యుజిసి 2009 నిబంధనలు గాని, పట్టానికి ముందు వ్యాసం అచ్చు కావాలన్న షరతును తొలగించిన 2022 నిబంధనలు గాని ఈ పని చేయలేవు. అది పర్యవేక్షకుల చేతిలో ఉంది.

సిద్ధాంత గ్రంథాలు ఇప్పుడు శోధ్‌గంగ భాండాగారంలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. నగరంలోని రసాయన, ఫార్మసీ విభాగాలు ప్రతి విశ్లేషణ గ్రంథంతో పాటు విఫలమైన ప్రయోగాల శిఖర పటాలను, ముడి అంకెలను కూడా అక్కడ ఉంచాలని, పద్ధతిని వేరే ప్రయోగశాలలో వేరే చేతులతో ఒక్కసారైనా చేయించి ఆ ఫలితాన్ని జతపరచాలని నియమం పెట్టుకోవాలి. ఇందుకు కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అక్కరలేదు. ఉస్మానియా, జెఎన్‌టియు, కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐసిటి ఒకే నగరంలో ఉన్నాయి. ఒకరి పద్ధతిని మరొకరు పరీక్షించే ఒప్పందం వచ్చే విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.